నడవడానికి కూడా ఒకరు నేర్పాలా?

ప్రశ్న: మేడమ్, నమస్కారం. మాది తెనాలి. మా వారికి 54 ఏళ్లు. బట్టల కొట్టు ఉంది. మూడు వారాల క్రితం రాత్రిపూట గుండెపోటు వస్తే గుంటూరు తీసుకెళ్లాం. చేతి దగ్గర నుంచి స్టెంట్ వేశారు. ఎకో (గుండె స్కానింగ్) తీసి గుండె పంపింగ్ 45 శాతం ఉందన్నారు. షుగర్ ఎనిమిదేళ్లుగా ఉంది. ఐదో రోజు ఇంటికి పంపించారు. డిశ్చార్జ్ కాగితంలో ‘రోజూ వాకింగ్ చేయాలి’ అని ఒక్క ముక్క రాశారు. ఇంటికొచ్చాక అసలు గొడవ మొదలైంది. మా అత్తగారు ఆయన్ని మంచం దిగనివ్వడం లేదు. స్నానానికి నీళ్లు కూడా నేనే పోస్తున్నాను. మా అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. ట్రెడ్‌మిల్ కొని పంపించాడు. ఫోన్లో ఏదో లెక్క చూసి, గుండె నిమిషానికి 140 సార్లు కొట్టుకునేదాకా నడవాలంటాడు. ఆయనేమో రాత్రిళ్లు లేచి, మణికట్టు పట్టుకుని నాడి చూసుకుంటూ కూర్చుంటున్నారు. మేడ మెట్లు దిగాలంటేనే భయం. మొన్న చెకప్‌కి వెళ్తే అక్కడి ఫిజియోథెరపిస్టు గారు పన్నెండు వారాలపాటు, వారానికి మూడుసార్లు వచ్చి తమ ఎదురుగా వ్యాయామం చేయాలన్నారు. వెళ్లి రావడానికే ఒక పూట పోతుంది, డబ్బూ అవుతుంది. ‘నడవడానికి కూడా ఒకరు నేర్పాలా?’ అని మా అత్తగారు అడుగుతున్నారు. నిజంగా ఇది అవసరమా?

ఒక సోదరి, తెనాలి

సమాధానం: చెల్లెమ్మా, ముందుగా చెప్పాల్సిన మాట చెప్పేస్తాను. వెళ్లండి. ముప్పై ఆరుసార్లూ కుదరకపోతే కుదిరినన్నిసార్లు వెళ్లండి. మొదటి నాలుగు వారాలు మాత్రం మానొద్దు. నేను పాతికేళ్లుగా గుండె, ఊపిరితిత్తుల రోగులతో పనిచేస్తున్న ఫిజియోథెరపిస్టుని. మీ ఇంట్లో జరుగుతున్నది ఎన్నో ఇళ్లలో చూశాను. ఒకరు మంచం దిగనివ్వరు, ఒకరు తొందరపెడతారు, మధ్యలో జబ్బు పడిన మనిషి బిగుసుకుపోతాడు. అందరిదీ ప్రేమే. అందరికీ తెలియాల్సింది మాత్రం ఒక్కటే: ఆ గుండె ఈ రోజున ఎంత పని మోయగలదు? దాన్ని ఊహించి చెప్పకూడదు, కొలవాలి. మిమ్మల్ని పన్నెండు వారాలు రమ్మన్నది ఆ కొలత కోసం.

మీ అత్తగారి మీద కోపం తెచ్చుకోకండి. ఆవిడ చేస్తున్నది ఒకప్పుడు పెద్ద పెద్ద డాక్టర్లు చెప్పిందే. గుండెపోటు వస్తే ఆరు వారాలు కదలకుండా పడుకోబెట్టడమే గత శతాబ్దంలో చాలాకాలం పాటు వైద్యం. అన్నం కూడా పక్కవాళ్లే తినిపించేవారు. 1952లో అమెరికాలోని బోస్టన్‌లో శామ్యూల్ లెవిన్, బెర్నార్డ్ లౌన్ అనే డాక్టర్లు తమ రోగుల్ని తొలి రోజుల నుంచే రోజుకు కొంతసేపు కుర్చీలో కూర్చోబెట్టామని రాశారు. ఉత్త కుర్చీలో కూర్చోబెట్టడం! దానికే తోటి డాక్టర్లు అభ్యంతరం చెప్పారు. కానీ కుర్చీలో కూర్చున్నవాళ్లు తొందరగా కోలుకున్నారు. మూడేళ్ల తర్వాత, 1955లో, అమెరికా అధ్యక్షుడు ఐసన్‌హోవర్‌కి గుండెపోటు వచ్చినప్పుడు పాల్ డడ్లీ వైట్ అనే గుండె డాక్టరు ఆయన్ని క్రమంగా లేపి నడిపించారు. ఆయన ఆ మరుసటి ఏడాదే మళ్లీ ఎన్నికల్లో గెలిచారు. గుండెపోటు తర్వాత మనిషి మళ్లీ పనిలోకి వెళ్లొచ్చని మామూలు జనానికి నమ్మకం కలిగింది అప్పుడే.

ఆ నమ్మకం మా ఇంటికి రావడానికి మాత్రం చాలా ఆలస్యమైంది. మా నాన్నగారికి 1984లో గుండెపోటు వచ్చింది. నేనప్పుడు తొమ్మిదో తరగతి. నాన్నను చూసిన డాక్టరు ‘మంచం దిగితే ప్రమాదం’ అన్నారు. ఆ మాట మా అమ్మ గుండెల్లో పడిపోయింది. నలభై రోజులు ఆయన్ని మంచం మీదే ఉంచింది. ఆ తర్వాత ఇక లేవొచ్చని ఎవరూ వచ్చి చెప్పలేదు. మా నాన్న మరో ఇరవై రెండేళ్లు బతికారు, కానీ మళ్లీ పొలం గట్టు ఎక్కలేదు, నీళ్ల బిందె ఎత్తలేదు. గుండె దెబ్బ తిన్నది కొంచెమే. భయం ఆయన్ని మొత్తంగా కూర్చోబెట్టేసింది. నేను ఈ చదువు చదివాక ఆయన పాత కాగితాలు చూశాను. ఆయన చేయకుండా వదిలేసిన పనుల్లో సగానికి పైగా హాయిగా చేసుకుని ఉండగలిగేవారు. మీ వారి విషయంలో అలా జరగకూడదనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

పడుకోవడం వల్ల ఒంటికి ఏమవుతుందో తెలియాలంటే 1966లో అమెరికాలోని డల్లాస్‌లో చేసిన ఒక పరిశోధన గురించి చెప్పాలి. ఇరవై ఏళ్ల ఆరోగ్యవంతులైన కుర్రాళ్లను ఐదుగురిని మూడు వారాలు మంచం మీదే ఉంచారు. వాళ్లకు ఏ జబ్బూ లేదు. మూడు వారాలయ్యేసరికి వాళ్ల ఒంటి సత్తువ, అంటే శ్రమ చేసేటప్పుడు ప్రాణవాయువును వాడుకోగల శక్తి, నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత, యాభై ఏళ్ల వయసులో అదే ఐదుగురిని మళ్లీ పరీక్షించారు. ముప్పై ఏళ్ల వయసు భారం తీసిన దెబ్బ కన్నా, ఆనాటి మూడు వారాల మంచం తీసిన దెబ్బే ఎక్కువని తేలింది. మీ వారూ సరిగ్గా మూడు వారాలుగా మంచం మీదున్నారు. ఇప్పుడు బాత్రూమ్ దాకా వెళ్లొస్తే ఆయాసం వస్తుంటే అది గుండె వల్లేనని అనుకోకండి. వాడకం లేక కాళ్లు నీరసించినా ఆయాసం వస్తుంది. ఈ రెంటిలో ఏది ఎంతో తేల్చాలంటే చూసేవాళ్లు చూడాలి.

కాళ్ల మాట ఎత్తాను కాబట్టి ఇంకొంచెం చెప్తాను. గుండెకు వ్యాయామం అనగానే గుండెను గట్టిపరచడం అనుకుంటారు. అంతకంటే ముందు గట్టిపడేవి కాళ్లూ చేతులూ. అలవాటున్న కండ తనకు అందిన రక్తంలోంచి ప్రాణవాయువును బాగా పీల్చుకుంటుంది. అప్పుడు అదే మెట్లు ఎక్కడానికి గుండె ముందు కన్నా తక్కువసార్లు కొట్టుకుంటే చాలు. అంటే కాళ్లు పని నేర్చుకుంటే గుండెకు బరువు తగ్గుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు ఇంకో లాభం, కండలు పనిచేస్తుంటే రక్తంలోని చక్కెరను అవే వాడేసుకుంటాయి. గుండెపోటులో చచ్చుబడిన భాగం గట్టి మచ్చగా మారడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మీ వారు ఇప్పుడు ఆ మధ్యలో ఉన్నారు. మంచం మీద ఉంచడమూ తప్పే, ఒక్కసారిగా పరుగెత్తించడమూ తప్పే. మోతాదు తెలిసి చేయించాలి. మందు చీటీ మీద ఎన్ని మిల్లీగ్రాములో, పూటకు ఎన్నో రాస్తారు కదా. వ్యాయామానికి కూడా అలాగే రాయాలి. ‘రోజూ వాకింగ్ చేయాలి’ అని వదిలేయడమంటే ‘రోజూ మందు వేసుకోవాలి’ అని చెప్పి పేరూ మోతాదూ చెప్పకపోవడం లాంటిది. అది రాసినవాళ్లను నేను తప్పుపట్టకుండా ఉండలేను.

ఇక అక్కడ ఏం జరుగుతుందో చెప్తాను. మీ అత్తగారికి కూడా చదివి వినిపించండి. మొదటి రోజు ఎవరూ పరుగులు పెట్టించరు. డిశ్చార్జ్ కాగితాలు, ఎకో రిపోర్టు, మందుల చీటీ చూస్తారు. బీపీ, నాడి, షుగర్ చూస్తారు. ఛాతీలో నొప్పి ఏమైనా మిగిలి ఉందా, కాళ్లు వాస్తున్నాయా, రాత్రిళ్లు ఎత్తుగా దిండ్లు పెట్టుకుని పడుకోవాల్సి వస్తోందా అని అడుగుతారు. చాలాచోట్ల ఆరు నిమిషాల నడక పరీక్ష పెడతారు. ముప్పై మీటర్ల వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకు తనకు తోచిన వేగంతో ఆరు నిమిషాలు నడవాలి. అలుపొస్తే ఆగొచ్చు, మళ్లీ నడవొచ్చు. ఎన్ని మీటర్లు నడిచారు, ముందూ తర్వాతా నాడి ఎంత, ఎంత అలసట అనిపించింది, అన్నీ రాసుకుంటారు. డాక్టరు అవసరమనుకుంటే టీఎంటీ, అంటే ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ ఈసీజీ తీసే పరీక్ష, చేయిస్తారు. ఆయన మోతాదు ఆ లెక్కల్లోంచి వస్తుంది.

తర్వాతి రోజుల్లో ఒక్కో క్లాసు ముప్పావు గంట నుంచి గంట ఉంటుంది. ఛాతీకి చిన్న వైర్లు అంటించి గుండె గీతను తెర మీద చూస్తుంటారు. ముందు ఐదు, పది నిమిషాలు చేతులూ కాళ్లూ మెల్లగా ఆడిస్తారు. తర్వాత నడక యంత్రమో సైకిలో, మధ్యమధ్యలో బీపీ చూస్తూ ఉంటారు. చివర మళ్లీ ఐదు, పది నిమిషాలు వేగం తగ్గించుకుంటూ ఆగాలి. ఈ చివరి భాగాన్ని ఇంట్లో అందరూ ఎగ్గొడతారు. అది తప్పు. నడుస్తూ నడుస్తూ ఠక్కున ఆగిపోతే రక్తం కాళ్లలోనే నిలబడి, బీపీ పడిపోయి, కళ్లు తిరుగుతాయి. గుండెపోటు వచ్చినవాళ్లకు అది ఇంకా మంచిది కాదు.

మీ అబ్బాయి లెక్క గురించి. 220లోంచి వయసు తీసేసి, మిగిలిన 166లో 85 శాతం కట్టి 140 అన్నట్టున్నాడు. ఆ సూత్రం మీ వారికి వర్తించదు. గుండెపోటు తర్వాత చాలామందికి మెటోప్రొలాల్ లాంటి మాత్ర ఇస్తారు, మీ వారి చీటీలోనూ ఉందేమో చూడండి. అది గుండె వేగాన్ని కావాలనే తగ్గించి ఉంచుతుంది. ఆ మాత్ర వేసుకుంటున్న మనిషి ఎంత శ్రమపడినా నాడి 140కి చేరకపోవచ్చు. చేర్చాలని పట్టుబడితే ప్రమాదంలో పడతాడు. టీఎంటీ లాంటి పరీక్ష జరగకముందు, ఈ తొలి వారాల్లో మేము సాధారణంగా పెట్టుకునే హద్దు వేరు. కదలకుండా కూర్చున్నప్పుడు ఉన్న నాడి మీద ఇరవై, మహా అయితే ముప్పై. కూర్చున్నప్పుడు 62 ఉంటే 82 నుంచి 92 దాకా. అది కూడా ఆయన డాక్టరు సరేనంటేనే. అబ్బాయికి ఈ మాట నెమ్మదిగా చెప్పండి. దూరంగా ఉండి, నాన్నకు ఏమీ చేయలేకపోతున్నానన్న బాధలోంచే ఆ ట్రెడ్‌మిల్ వచ్చింది. దాన్ని అమ్మేయక్కర్లేదు, నెల రోజులు పక్కన పెట్టండి. వాడటం ఎలాగో మీ వారు గుంటూరులో నేర్చుకుని వచ్చాక ఇంట్లో వాడుకుంటారు.

నాడి కన్నా నేను ఎక్కువగా నమ్మేది మాట. నడుస్తూ మీతో మామూలుగా మాట్లాడగలిగితే ఆ వేగం సరిపోయింది. రెండు మాటలకోసారి ఊపిరి తీసుకోవాల్సి వస్తుంటే వేగం ఎక్కువైంది. పాట పాడుకుంటూ నడవగలిగితే ఇంకాస్త పెంచొచ్చు. మేము క్లాసుల్లో వాడే ఇంకో కొలబద్ద స్వీడన్‌కి చెందిన గున్నార్ బోర్గ్ తయారుచేసింది. శ్రమ ఎంత అనిపిస్తోందో 6 నుంచి 20 దాకా ఒక అంకె చెప్పమంటాం. 11 అంటే తేలిక, 13 అంటే కొంచెం కష్టం. మీ వారి లాంటివాళ్లను ఈ రెంటి మధ్యలో ఉంచుతాం. మొదట్లో అందరూ తడబడతారు. మగవాళ్లు పరువుకు పోయి 15 అనిపించినా 11 అంటారు. ముఖం చూసి, ఊపిరి చూసి సరిచేసే మనిషి ఎదురుగా ఉండటం అందుకే అవసరం. పది రోజులయ్యేసరికి వాళ్ల ఒళ్లు వాళ్లకే అర్థమవుతుంది. మీ అత్తగారు అడిగింది నిజమే, నడవడం ఎవరూ నేర్పక్కర్లేదు. ఎక్కడ ఆగాలో నేర్పాలి. ఎక్కడిదాకా ఆగక్కర్లేదో కూడా.

ఈ రెండో మాటే మీ వారికి ఇప్పుడు ఎక్కువ కావాలి. రాత్రిళ్లు నాడి పట్టుకుని కూర్చుంటున్నారని రాశారు. ఒకసారి తన ఒళ్లు తనను మోసం చేసిందని అనిపించిన మనిషి మళ్లీ దాన్ని నమ్మడం చాలా కష్టం. ధైర్యం చెబితే ఆ భయం పోదు. గుండె వేగంగా కొట్టుకున్నా ఏమీ కాలేదని తానే చూడాలి. తెర మీద గీత సరిగ్గా నడుస్తుండగా, పక్కన తెలిసిన మనిషి నిలబడి ఉండగా, పది నిమిషాలు నడిచి చెమట పట్టి దిగినవాళ్ల ముఖాలు నేను చూశాను. మొదటివారం బిక్కుబిక్కుమంటూ వచ్చినవాళ్లు మూడోవారం పక్కవాళ్లకు ధైర్యం చెబుతుంటారు. అదే గదిలో మరో నలుగురు స్టెంటు వేయించుకున్నవాళ్లు, బైపాస్ అయినవాళ్లు ఉంటారు. ‘మీకూ ఇలాగే అనిపించిందా?’ అని ఒకరినొకరు అడుక్కోవడం నేను చేసే వైద్యం కన్నా తక్కువదేమీ కాదు. అయితే ఒక మాట. గుండెపోటు వచ్చిన ప్రతి ఐదుగురిలో ఒకరికి గట్టి డిప్రెషన్ వస్తుంది. రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోవడం, దేని మీదా మనసు లేకపోవడం, ఊరికే కళ్లనీళ్లు రావడం ఉంటే డాక్టరుకు దాచకుండా చెప్పండి. దానికీ మందుంది. మనోవ్యాధికి మందు లేదన్న మాట ఇక్కడ వర్తించదు.

ఇదంతా నా అనుభవం మాత్రమే కాదు. ఇలాంటి వ్యాయామ శిక్షణ మీద ప్రపంచంలో జరిగిన 85 పరిశోధనలను, 23 వేల మందికి పైగా రోగుల వివరాలను 2021లో కోక్రేన్ అనే సంస్థ కలిపి చూసింది. శిక్షణ తీసుకున్నవాళ్లలో గుండె జబ్బుతో చనిపోయే ముప్పు దాదాపు నాలుగో వంతు తగ్గింది. మళ్లీ గుండెపోటు రావడం, ఆసుపత్రిలో చేరాల్సి రావడం కూడా తగ్గాయి. ఎవరో ఒకరు ‘యోగా చాలదా’ అంటారు కాబట్టి అదీ చెప్తాను. మన దేశంలోనే 24 ఆసుపత్రుల్లో, గుండెపోటు వచ్చిన 3,959 మంది మీద యోగా ఆధారంగా ఒక పెద్ద పరిశోధన జరిగింది. ఫలితాలు 2020లో వచ్చాయి. యోగా చేసినవాళ్లు ఆరోగ్యం బాగుందని చెప్పడం, మునుపటి పనుల్లోకి తిరిగి వెళ్లడం మిగతావాళ్ల కన్నా ఎక్కువగా కనిపించింది. మరణాలు, మళ్లీ గుండెపోట్లు తగ్గించిందని మాత్రం గట్టిగా రుజువు కాలేదు. కాబట్టి యోగా ఇష్టమైతే కలుపుకోండి, నడక మానేసి యోగా వద్దు. ఊపిరి బిగబట్టే ఆసనాలు, తల కిందకు పెట్టేవి ఇప్పుడు అసలు వద్దు.

దూరం, ఖర్చు సంగతికి వస్తాను. తెనాలి నుంచి గుంటూరు వారానికి మూడుసార్లంటే కొట్టు నడిపే ఇంట్లో ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ ఫిజియోథెరపిస్టు గారితో మొహమాటం లేకుండా మాట్లాడండి. మొదటి నాలుగు వారాలు వారానికి రెండుసార్లు వస్తాం, మిగతా రోజులు ఇంట్లో ఏం చేయాలో రాసివ్వండి, తర్వాత పదిహేను రోజులకోసారి వస్తాం, మధ్యలో ఫోన్లో మాట్లాడతాం అని అడగండి. సరైన పర్యవేక్షణ ఉంటే ఇంట్లో చేసే పద్ధతి కూడా, ముప్పు తక్కువున్న రోగుల్లో, సెంటరులో చేసినదానికి ఇంచుమించు సమానంగా పనిచేస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. పంపింగ్ 45 అంటే గుండె తనలో నిండిన రక్తంలో 45 శాతాన్ని ఒక్కో దెబ్బకు బయటికి నెడుతోందని. అది కాస్త తగ్గిందే గాని మరీ తక్కువ కాదు. మీ వారికి ఇలా కుదరొచ్చు, కానీ ఆ తీర్పు ఆయన్ని చూసినవాళ్లే ఇవ్వాలి. తెనాలిలోనే ఎవరైనా దొరుకుతారేమో కనుక్కోండి. ఎంపీటీలో (ఫిజియోథెరపీలో పీజీ) కార్డియో రెస్పిరేటరీ, అంటే గుండె, ఊపిరితిత్తుల విభాగం, చదివిన ఫిజియోథెరపిస్టులు ఉంటారు. మోకాళ్లకు కరెంటు పెట్టే క్లినిక్కు, దీనికీ తేడా ఉంది. బీపీ చూడకుండా, ఎకో రిపోర్టు అడగకుండా వ్యాయామం మొదలుపెట్టేచోట ఉండొద్దు, లేచి వచ్చేయండి.

ఆ మొదటి అపాయింట్‌మెంట్ వచ్చేదాకా ఖాళీగా కూర్చోవద్దు. ఛాతీలో నొప్పి లేకుండా ఉంటే, మీ డాక్టరుకు ఒక్క ఫోన్ చేసి అడిగి, ఇలా మొదలుపెట్టండి. సమతలంగా ఉన్న చోట, మీ డాబా మీద గానీ వరండాలో గానీ, ఐదేసి నిమిషాలు రోజుకు మూడుసార్లు. మీరు పక్కన నడవండి, మాట్లాడుతూ నడవండి. హాయిగా ఉంటే రెండు రోజులకోసారి ఒక్కో నిమిషం పెంచండి. రెండు నెలలకు అరగంట చొప్పున వారంలో ఐదు రోజులకు వస్తే చాలా బాగా కోలుకున్నట్టు. అన్నం తిన్న గంటన్నర దాకా వద్దు. ఎండాకాలం మన కోస్తాలో పొద్దున ఏడు దాటితే ఉక్క మొదలవుతుంది, అంతకు ముందే కానివ్వండి, లేదా పొద్దుగూకాక. షుగరు మాత్రల వల్ల నడకలో చక్కెర పడిపోవచ్చు. ఒళ్లు వణకడం, ఆకలి, చెమటలు కనిపిస్తే కూర్చోబెట్టి పంచదార నీళ్లివ్వండి, జేబులో గ్లూకోజ్ బిళ్లలు ఉంచండి. పాదాలు కప్పే మెత్తటి బూట్లు కొనండి, హవాయి చెప్పులతో వద్దు. షుగరున్నవాళ్లకు పాదానికి పుండు పడితే నడక మొత్తం ఆగిపోతుంది. జ్వరం వచ్చిన రోజు సెలవు. స్నానం ఆయన్నే చేయనివ్వండి, మరీ వేడి నీళ్లు కాకుండా, బాత్రూమ్‌లో ప్లాస్టిక్ స్టూలు వేసి, లోపల గడియ పెట్టకుండా. మేడ మెట్లు రోజుకు ఒకసారి దిగి ఎక్కొచ్చు, సగంలో ఆగి ఊపిరి తీసుకుంటూ.

నడుస్తుండగా ఛాతీలో బిగపట్టినట్టున్నా, ఎడమచేతికో దవడకో నొప్పి పాకినా, చల్లటి చెమట పట్టినా, కళ్లు తిరిగినా, గుండె లయ తప్పి కొట్టుకున్నా అక్కడే ఆగి కూర్చోవాలి. షుగరున్నవాళ్లకు నొప్పి లేకుండా ఆయాసమో విపరీతమైన నీరసమో మాత్రమే రావచ్చు, దాన్ని గ్యాస్ అనుకోవద్దు. డాక్టరు నాలుక కింద పెట్టుకోమని సార్బిట్రేట్ (గుండె నొప్పికి వాడే మాత్ర) రాసి ఉంటే కూర్చున్నాకే పెట్టండి, నిలబడి పెట్టుకుంటే బీపీ పడి పడిపోతారు. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. స్కూటర్ మీద ఎక్కించుకుని వెళ్లొద్దు. ఇవి కాక, రెండు మూడు రోజుల్లో రెండు కిలోల బరువు పెరిగినా, కాళ్లు వాచినా వ్యాయామం ఆపి డాక్టర్ని కలవండి. ఇంత చెప్పానని భయపడకండి. నిపుణులు చూస్తుండగా చేసే వ్యాయామంలో గుండె ఆగిపోయే ప్రమాదం లక్ష గంటల వ్యాయామానికి ఒకటి కన్నా తక్కువ. ఆ ఒక్కటి జరిగినా పక్కనే మనుషులు, యంత్రాలు ఉంటాయి.

కొట్టు సంగతి మీరు అడగలేదు గాని, మీ వారి మనసంతా అక్కడే ఉంటుంది. బట్టల కొట్టు పని నడక ఒక్కటే కాదు. పరుపు మీద కూర్చుని లేవడం, చేయి పైకెత్తి పై అరలోంచి తాన్లు తీయడం, చీరలు పరిచి మళ్లీ మడతపెట్టడం, సరుకొచ్చిన రోజు బేళ్లు దించడం. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగపడితే బీపీ ఒక్కసారి పైకెక్కుతుంది. అందుకే నాలుగైదు వారాలయ్యాక, నడక కుదిరాక, చిన్న బరువులతో కండల వ్యాయామం మొదలుపెడతారు. బలం పెట్టేటప్పుడు ఊపిరి వదలడం అప్పుడే నేర్పుతారు. విరేచనం కాకపోతే ముక్కడం కూడా ఇలాంటిదే, దానికి మందు అడగండి. మొదటి రోజే ఫిజియోథెరపిస్టు గారికి మీ వారి పని ఏమిటో వివరంగా చెప్పండి. ఒక్కో బట్ట తాను ఎన్ని కిలోలుంటుందో, పై అర ఎంత ఎత్తులో ఉందో చెప్పండి. మంచి శిక్షణ ఎవరి బతుకుకు తగ్గట్టు వారికి కుదురుస్తుంది. వ్యవసాయం చేసే ఆయనకు నేను గట్టు మీద నడిచినట్టు నడిపిస్తాను, వంట చేసే ఆవిడకు గ్రైండర్ గిన్నె బరువు ఎత్తిస్తాను. తొలినాళ్లలో సాయంత్రం రెండు గంటలు కౌంటర్ దగ్గర కూర్చోవడంతో మొదలుపెట్టమనండి. బేళ్లు కుర్రాళ్లు దించుతారు.

ఇంకొకటి, మీరు రాయడానికి మొహమాటపడి ఉంటారని నేనే రాస్తున్నాను. భార్యాభర్తల దగ్గరితనం గురించి ఎవరూ అడగరు, డాక్టర్లూ చెప్పరు, ఇద్దరూ భయంతో వేర్వేరు గదుల్లో పడుకోవడం మొదలుపెడతారు. రెండు అంతస్తుల మెట్లు చకచకా ఎక్కి, నొప్పీ విపరీతమైన ఆయాసమూ లేకుండా ఉండగలిగితే సాధారణంగా భయం లేదు. డాక్టర్ని అడగండి, మీరు అడగలేకపోతే ఆయన్ని అడగమనండి. మగతనం మాత్రలని బయట అమ్మేవి మాత్రం ఎవరినీ అడగకుండా వేసుకోవద్దు. సార్బిట్రేట్‌తో కలిస్తే ప్రాణం మీదికి వస్తుంది.

మందులు కూడా ఆపొద్దు. నడక మొదలయ్యాక ఒళ్లు తేలికపడి, ‘ఇక మాత్రలెందుకు’ అనిపించే రోజు వస్తుంది. స్టెంటులో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే రెండు రకాల మాత్రలు సాధారణంగా ఏడాదిపాటు వాడాలి. పన్ను పీకించుకోవడానికని కూడా సొంతంగా ఆపకూడదు, ఇచ్చిన డాక్టర్ని అడిగాకే.

మొదటి క్లాసుకు వెళ్లేటప్పుడు మీ అత్తగారిని కూడా తీసుకెళ్లండి. లోపల ఒక కుర్చీ వేయమని అడగండి, వేస్తారు. కొడుకు నడుస్తుంటే తెర మీద గుండె గీత ఎలా కదులుతోందో ఆవిడ కళ్లతో చూడనివ్వండి. నేను అలా చాలామంది తల్లుల్ని కూర్చోబెట్టాను. తిరిగి వచ్చేటప్పుడు ఆటో దాకా కొడుకు చేయి పట్టుకోవాలా వద్దా అని వాళ్లే నన్ను అడుగుతారు. వద్దని చెప్తాను. సరేనని పక్కన నడుస్తారు.